గాలివాన తరువాత ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదు

అమలాపురం అక్షరం:

నమస్కారమండీ. అమలాపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, జాతర కరపత్రాలు, బిల్లు పుస్తకాలు నా పని. మొన్నటి గాలివాన తరువాత నా డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే రావడం లేదు. జరిగినదంతా వరసగా రాస్తున్నాను. నాకు చిన్నదిగా తోచిన విషయం మీలో ఎవరికైనా ఆధారం కావచ్చు.

సాయంత్రం ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచింది. కొబ్బరి మట్టలు విరిగి తీగల మీద పడుతున్నాయి. కంప్యూటర్ మీద పని నడుస్తూనే ఉంది. ఉన్నట్టుండి బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది, సీలింగ్ ఫ్యాను మామూలు కంటే జోరుగా తిరిగింది, యూపీఎస్ కీచుమని అరిచి ఆగిపోయింది. దానితోపాటే కంప్యూటరూ ఆగింది. మరుక్షణం వీధంతా కరెంటు పోయింది. వెంటనే యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకేశాను. ఆ తరువాత కొంతసేపటికి వీధి చివర కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వంతా కాలిపోయింది. మా వరసలో ఇంకో రెండు ఇళ్ళలో టీవీ, ఫ్రిజ్ స్టెబిలైజర్ పోయాయి.

మర్నాడు కరెంటు నిలకడగా వచ్చాక, యూపీఎస్ ఎలాగూ చచ్చిపోయింది కాబట్టి సీపీయూను నేరుగా సాకెట్టుకు పెట్టి మీట నొక్కాను. లోపలి ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి, ముందు దీపం వెలుగుతోంది. బీప్ శబ్దం లేదు. మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని కాసేపు కనబడి దీపం నారింజ రంగుకు మారుతోంది. నాది నాలుగో తరం ఐ3, నాలుగు జీబీ ర్యాములు రెండు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా). మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ వాడుతున్నాను.

సీపీయూనూ మానిటర్‌నూ ఊళ్ళో ఒక సర్వీసు దుకాణానికి పట్టుకెళ్ళాను. పాపం, ఆ అబ్బాయి శ్రద్ధగానే చూశాడు. తన ఎస్ఎంపీఎస్ పెట్టి చూశాడు, రాలేదు. నాది మళ్ళీ బిగించి తన మానిటర్ పెట్టాడు, రాలేదు. ర్యాములు తీసి, తుడిచి, వేరేవి మార్చి చూశాడు, రాలేదు. చివరికి ‘మదర్‌బోర్డు పోయిందండీ, దీనికి కొత్తది దొరకదు, కొత్త సిస్టమ్ కొనుక్కోండి’ అన్నాడు.

నాకు డబ్బు కంటే పెద్ద దిగులు ఒకటుంది. విశ్రాంత తెలుగు పండితులు ఒకరి పద్యాల పుస్తకం ఆ డిస్కులో ఉంది. అరసున్నలూ బండి ఱలూ ఆయన చేతిరాతలో వెతికి వెతికి కొట్టాను. తొలి ప్రతి పెన్‌డ్రైవులో ఉంది కానీ, ఆయన పక్కన కూర్చుని దిద్దించిన ప్రతి ఈ డిస్కులో మాత్రమే ఉంది. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా లేదు, మళ్ళీ దిద్దమని అడగలేను.

హార్డ్ డిస్కు బతికి ఉంటుందా? మదర్‌బోర్డు నిజంగానే పోయిందా? పిడుగు పడేసరికే ప్లగ్గు పీకేశాను కదా, ఇంకా దెబ్బ ఎలా తగిలింది? దయచేసి చెప్పండి.


గుంటూరు కుర్రాడు:

మేడమ్, మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వస్తోందంటే మానిటర్ బాగున్నట్టే. తప్పు సీపీయూలో ఉంది. కీబోర్డు పెట్టి క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ నడుస్తోందన్నమాట, బొమ్మ ఒక్కటే బయటికి రావడం లేదు. వెలగకపోతే యంత్రం మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. ఇంకొకటి, ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ కూడా తీసి, పవర్ మీట అర నిమిషం నొక్కి పట్టుకోండి. కొద్దిసేపాగి బ్యాటరీ పెట్టి ఆన్ చేయండి. మా కాలేజీ ల్యాబులో రెండు సిస్టమ్‌లు ఇలాగే లేచాయి.


టంకంపని:

అమ్మా, రాజమండ్రిలో చాలా ఏళ్ళుగా బోర్డుల మరమ్మతు చేస్తున్నాను. మీరు వరసగా రాయడం ఎంతో మేలు చేసింది. అందులోనే సగం జవాబు ఉంది.

ముందు డిస్కు సంగతి. మిగతా పరీక్షలన్నీ దాని తరువాతే. ప్లగ్గు తీసి, సీపీయూ పక్క తలుపు విప్పి, హార్డ్ డిస్కుకు వచ్చే రెండు తీగలూ పీకి, నాలుగు మరలు విప్పి డిస్కును బయటికి తీయండి. మళ్ళీ నేను చెప్పేదాకా అందులో పెట్టవద్దు. ఎస్ఎంపీఎస్ మీద అనుమానం ఉన్నప్పుడు డిస్కును దానికి తగిలించి ఆన్ చేసినకొద్దీ దానికి ప్రమాదం పెరుగుతుంది. సాటా (డిస్కు తీగ తగిలించే ద్వారం) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. మీది డెస్క్‌టాప్ డిస్కు, మూడున్నర అంగుళాలది. దానికి 12 వోల్టులు కావాలి, అవి యూఎస్‌బీ నుంచి రావు. కాబట్టి విడిగా గోడకు పెట్టుకునే పవర్ అడాప్టర్‌తో వచ్చే రకమే తెచ్చుకోండి. దాన్ని ఎవరి ల్యాప్‌టాప్‌కైనా తగిలించి, ముందు పండితులవారి పుస్తకం, తరువాత మిగతావి నకలు తీసుకోండి. డిస్కు తిరుగుతూ, కటకటమనే శబ్దం లేకుండా కనిపిస్తే మీ పుస్తకం దక్కినట్టే. తిరగకపోయినా కంగారు పడవద్దు. కరెంటు దెబ్బకు సాధారణంగా పోయేది డిస్కు అడుగున ఉండే ఆకుపచ్చ బోర్డు మీది రక్షణ డయోడ్. అప్పుడు అది నాలాంటి వాళ్ళు చూడవలసిన పని, ఎవరినీ దాని మూత తెరవనివ్వవద్దు.

ఇక జబ్బు సంగతి. మీ మీద ఆ రోజు రెండు వేరువేరు దెబ్బలు పడ్డాయి. బల్బు కళ్ళు చెదిరేలా వెలగడం, ఫ్యాను జోరెత్తడం పిడుగు లక్షణం కాదు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగినప్పుడో వదులైనప్పుడో అలా జరుగుతుంది. ఆ హై వోల్టేజి కరెంటు తీగ గుండా యూపీఎస్‌ను కొట్టి, మీ ఎస్ఎంపీఎస్‌నూ తాకి ఉంటుంది. రెండోది పిడుగు. ప్లగ్గు పీకేశానన్నారు. యూపీఎస్‌ది పీకారు. మానిటర్ కూడా యూపీఎస్ మీదే ఉందా, లేక వేరే సాకెట్టులో ఉందా? ఇంటర్నెట్ ఎలా వస్తుంది? స్తంభం మీది పెట్టె నుంచి లాన్ తీగ నేరుగా మీ సీపీయూ వెనక్కి వచ్చి ఉంటే, పిడుగు వచ్చిన దారి అదే అనుకుంటాను. ఈ రెండిటికీ జవాబు రాయండి.

దుకాణంలో అబ్బాయి చేసిన పద్ధతి మామూలు రోజుల్లో సరైనదే. ఒక భాగం మార్చి చూడటం, ఫలితం లేకపోతే పాతది తిరిగి పెట్టి ఇంకొకటి మార్చడం. మామూలుగా ఒకసారికి ఒక భాగమే పాడవుతుంది కాబట్టి అది సరిపోతుంది. గాలివాన తరువాత ఆ లెక్క నిలవదు. రెండు తాళాలు వేసిన తలుపు దగ్గర ఒక తాళం తీసి, తలుపు రాలేదని దాన్ని మళ్ళీ వేసేసి, రెండోది తీసి చూసినట్టు అవుతుంది. ఎస్ఎంపీఎస్, మానిటర్ హెచ్‌డీఎంఐ ద్వారం రెండూ పోయాయనుకోండి. కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టినప్పుడు మీ మానిటర్ బొమ్మను అడ్డుకుంది. ఆయన మానిటర్ పెట్టినప్పుడు మీ ఎస్ఎంపీఎస్ అడ్డుకుంది. రెండుసార్లూ నిర్దోషి అని తేలినవే అసలు దోషులు కావచ్చు. చివరికి మార్చి చూడలేనిది మదర్‌బోర్డు ఒక్కటే కాబట్టి నేరం దాని నెత్తిన పడింది. పిడుగు తరువాత ఇలా అన్యాయంగా చెత్తలోకి వెళ్ళిన బోర్డులను నేను చాలా చూశాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

గుంటూరు తమ్ముడు చెప్పిన క్యాప్స్‌లాక్ పరీక్ష మంచిది, తప్పక చేయండి. కానీ ‘నో సిగ్నల్’ వచ్చినంత మాత్రాన మానిటర్ బాగున్నట్టు కాదు తమ్ముడూ. ఆ అక్షరాలు మానిటర్ తనంతట తాను వేసుకునేవి. తెర, దాని పవర్ బాగున్నాయని మాత్రమే వాటి అర్థం. హెచ్‌డీఎంఐ ద్వారం వెనకున్న చిప్పు కాలిపోయినా అదే మాట వస్తుంది.

మీ ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. ఆయన్ను పిలిచి ఈ కొలతలు తీయించండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల మొన సీపీయూ డబ్బా రంగు లేని ఇనుము మీద ఆనించాలి. ఎర్ర మొనను మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల పెద్ద ప్లగ్గు వెనక నుంచి, తీగ పక్కగా లోపలికి జొనపాలి. ప్లగ్గు బోర్డుకు తగిలించే ఉండాలి. యంత్రం ఆన్ చేయకముందు ఊదా తీగలో 5 వోల్టులు ఉండాలి. ఆన్ చేశాక పసుపులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3, బూడిద రంగు తీగలో 5 దగ్గర ఉండాలి. పైకీ కిందికీ నూటికి అయిదు వరకు తేడా ఫరవాలేదు. అంటే పసుపు తీగలో 11.4 కంటే తగ్గకూడదు. బూడిద తీగను మరిచిపోవద్దు, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. ఈ తీగల్లో ఉండేది తక్కువ వోల్టేజి, వాటితో ప్రమాదం లేదు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పవద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడు వందలకు పైగా వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి.


ఓరుగల్లు వైర్‌మ్యాన్:

టంకంపని గారు చెప్పినదానికి నా వంతు కలుపుతాను. నేను వరంగల్‌లో హౌస్ వైరింగ్ చేస్తాను. అక్కా, కొత్త ఎస్ఎంపీఎస్ కొని పెట్టేముందు మీ లైను చూపించుకోండి. లేకపోతే దాన్నీ బలి ఇచ్చినవాళ్ళవుతారు.

మన వీధుల్లోకి మూడు ఫేజులు వస్తాయి. ఒక్కొక్క ఇంటికి ఒక ఫేజు, అందరికీ కలిపి ఒక న్యూట్రల్. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400. చెట్టుకొమ్మ పడి న్యూట్రల్ తెగిందనుకోండి, రెండు ఫేజుల ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి కట్టినట్టు అయిపోయి ఆ 400ను పంచుకుంటాయి. ఎక్కువ సామాను నడుస్తున్న వైపు వోల్టేజి పడిపోతుంది, తక్కువ నడుస్తున్న వైపు 300 దాటి ఎగబాకుతుంది. అందుకే ఒకే వీధిలో ఒకరింట్లో బల్బు మినుకుమంటుంది, ఇంకొకరింట్లో భగ్గుమంటుంది.

గాలివాన మర్నాడు తెగిన తీగను కలిపేస్తారు. కానీ మీ స్తంభం దగ్గర సర్వీసు వైరు కీలు వదులుగా మిగిలిపోవచ్చు. మీటరు పెట్టి ఫేజు–న్యూట్రల్ చూడండి, ఫేజు–ఎర్త్ చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకపోతే మంచిది. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి మళ్ళీ చూడండి. న్యూట్రల్–ఎర్త్ ఒక్కసారిగా పైకి లేచిందంటే ఎక్కడో కీలు వదులుగా ఉన్నట్టే. 1912కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి, లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కి బిగించాలి. మీరెవరూ నిచ్చెన వేయవద్దు, దండం పెడతాను.

ఎర్తింగ్ గుంత కూడా చూడండి. వేసవిలో నేల ఎండిపోయి ఎర్త్ పనిచేయని ఇళ్ళు చాలా ఉంటాయి. గుంతలో నీళ్ళు పోస్తుండాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఎర్త్ తీగ బిగింపు తుప్పు పట్టి ఊడి ఉంటుంది, చూస్తే తగిలించే ఉన్నట్టు కనబడుతుంది. చేత్తో కదిపి చూడాలి.


అమలాపురం అక్షరం:

ముందు మంచి కబురు. డిస్కు బతికే ఉంది! మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఫోల్డర్లన్నీ కనబడ్డాయి. పండితులవారి పుస్తకం పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు రెండు చోట్ల దాచాను. తెరిచి చూడటానికి ఆ ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్ లేదు కానీ ఫైలు పరిమాణం, తేదీ సరిగ్గా ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టింది.

అన్నగారూ, మీరు అడిగినవి. మానిటర్ యూపీఎస్ మీద లేదు, దానికి వేరే సాకెట్టు. చిన్న యూపీఎస్ కదా, బరువు తగ్గుతుందని అలా పెట్టుకున్నాం. పిడుగు పడ్డప్పుడు దాని ప్లగ్గు సాకెట్టులోనే ఉంది. ఇంటర్నెట్ మీరు ఊహించినట్టే, వీధి స్తంభం మీది పెట్టె నుంచి మేడ పక్కగా లాన్ తీగ వేలాడుతూ వచ్చి నేరుగా సీపీయూ వెనక చేరుతుంది. ఆపరేటర్ పెట్టెలోని స్విచ్చి కూడా ఆ రోజే కాలిపోయిందట, నిన్న మార్చారు.

క్యాప్స్‌లాక్ దీపం వెలగలేదు. బ్యాటరీ తీసి పెట్టినా మార్పు లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచారు. ఊదా 5.1. ఆన్ చేశాక ఎరుపు 4.9, నారింజ 3.3, పసుపు 10.3. బూడిద రంగు తీగలో 0.2 మాత్రమే. ఇస్త్రీ పెట్టె పరీక్ష కూడా చేశారు. న్యూట్రల్–ఎర్త్ నిజంగానే 20 దాటింది. ఓరుగల్లు తమ్ముడికి చేతులెత్తి మొక్కాలి. 1912కు చెప్పాం, లైన్‌మ్యాన్ వచ్చి చూస్తే సర్వీసు వైరు కీలు నల్లగా కాలి ఉంది. కొత్త క్లాంపు వేసి బిగించారు. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె వేసినా రెండు వోల్టులు దాటడం లేదు.


టంకంపని:

డిస్కు దక్కినందుకు చాలా సంతోషం తల్లీ.

మీ కొలతల్లో జబ్బు సగం బయటపడింది. బూడిద తీగ ‘పవర్ గుడ్’ తీగ. లోపలి వోల్టేజీలన్నీ సరిగ్గా నిలబడ్డాయని ఎస్ఎంపీఎస్ నమ్మితేనే అందులో 5 వోల్టులు పంపుతుంది. ఆ కబురు అందేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను అడుగు వేయనివ్వదు. ఫ్యాన్లకు 10 వోల్టులున్నా చాలు, హాయిగా తిరుగుతాయి. అందుకే చూసేవాళ్ళకు యంత్రం నడుస్తున్నట్టే ఉంటుంది, లోపల ప్రాసెసర్ మాత్రం మొదలు కాలేదు. క్యాప్స్‌లాక్ వెలగకపోవడానికీ బీప్ రాకపోవడానికీ కారణం అదే. పచ్చ తీగనూ నల్ల తీగనూ కలిపి ఫ్యాను తిరిగితే ఎస్ఎంపీఎస్ మంచిదని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ పరీక్షలో మీది తప్పక గెలుస్తుంది. దాన్ని నమ్మవద్దు.

మిగతా సగం పిడుగుది. మీరు యూపీఎస్ ప్లగ్గు పీకడం వల్ల సీపీయూకు భూమితో ఉన్న మామూలు దారి తెగింది. కానీ లాన్ తీగ తగిలించే ఉంది. అటు నుంచి వచ్చిన ఉప్పెన భూమిని వెతుక్కుంటూ సీపీయూలోకి దిగి, హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కి, మానిటర్ గుండా ఆ సాకెట్టు ఎర్త్‌లోకి పోయి ఉంటుంది. లాన్ ద్వారంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ప్రమాణం ప్రకారం అవి 1500 వోల్టుల దాకా ఆపగలగాలి. దగ్గర్లో పడిన పిడుగు పొడవాటి తీగలో పుట్టించే వోల్టేజి ముందు అది ఏ మూలకు? కాబట్టి లాన్ ద్వారం, సీపీయూ హెచ్‌డీఎంఐ, మానిటర్ హెచ్‌డీఎంఐ ఈ మూడిటినీ పోయినట్టే లెక్కలో వేసుకుని మొదలుపెడదాం.

అందుకని ఈసారి ఒక్కొక్కటి మార్చవద్దు. అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి పక్కన పెట్టేయండి. బోర్డు మీద ప్రాసెసర్, ఒక్క ర్యామ్ మాత్రమే ఉండాలి. డిస్కు, లాన్ తీగ, ముందు యూఎస్‌బీ తీగలు, సీడీ డ్రైవు ఏవీ వద్దు. ఎస్ఎంపీఎస్ అరువు తెచ్చుకోండి, లేదా కొనండి, ఎలాగూ కావాలి. 24 పిన్నులదే కాకుండా ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల చిన్న ప్లగ్గు కూడా బిగించాలి. అది మరిచిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. మానిటర్ కూడా వేరేది తీసుకోండి. అప్పుడే ఇంకో కంప్యూటర్‌తో, అదే కేబుల్‌తో పనిచేస్తూ మీ కళ్ళతో చూసినదై ఉండాలి. హెచ్‌డీఎంఐ జోలికి పోకుండా నీలం రంగు వీజీఏ ద్వారానికి పెట్టండి. దానితో బొమ్మ వచ్చిందా, అప్పుడు మీ పాత వస్తువుల్ని ఒక్కొక్కటిగా లోపలికి రానివ్వండి. ఏది చేరినప్పుడు బొమ్మ పోతుందో అది దోషి. అప్పటికీ రాకపోతేనే మదర్‌బోర్డు మాట ఎత్తుదాం.


బెంగళూరు రవాణా:

ఒక మాట అనవచ్చా? నాలుగో తరం ప్రాసెసర్, బహుశా విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001 నాటిది. ఇంత పాత యంత్రం మీద ఇంత శ్రమ అవసరమా? ఈ సందర్భంలో కొత్తది కొని యూనికోడ్‌కు (అన్ని యంత్రాల్లోనూ చదవగలిగే అక్షర పద్ధతికి) మారిపోవడం మేలు కదా.


అమలాపురం అక్షరం:

మీరన్నది నిజమే, మారాలనే ఉంది. కానీ ముహూర్తాల రోజుల్లో కాదండీ. నా దగ్గర ఏళ్ళ తరబడి చేసిన శుభలేఖల నమూనాలన్నీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు), పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. ప్రెస్సువాళ్ళు కూడా అదే అడుగుతారు. పద్యాల పుస్తకాన్ని యూనికోడ్‌కు మార్చితే అరసున్నలు, కొన్ని ఒత్తులు తారుమారవుతాయి, అక్షరం అక్షరం మళ్ళీ చూసుకోవాలి. ఆ పని చేస్తాను, తీరిగ్గా చేస్తాను. అప్పటిదాకా నాకు ఈ యంత్రం కావాలి.

ఇక కబురు. డిస్‌ప్లే వచ్చింది!

కొత్త ఎస్ఎంపీఎస్ కొన్నాను. పక్క జిరాక్స్ దుకాణం వాళ్ళ మానిటర్‌ను, వాళ్ళ కంప్యూటర్‌తో వెలుగుతుండగా చూసి, అదే వీజీఏ కేబుల్‌తో తెచ్చాను. ఒక్క ర్యామ్ ఉంచి, మీరు చెప్పినట్టు మిగతావన్నీ పీకేశాం. మీట నొక్కగానే రెండు క్షణాలు నల్లగా ఉండి, తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. తేదీ తప్పని, ఎఫ్1 నొక్కమని. గడియారం 2014 జనవరి ఒకటి చూపిస్తోంది. బ్యాటరీ తీశాం కదా, అందుకేనని ఎలక్ట్రీషియన్ చెప్పారు. సీఆర్2032 కొత్త బ్యాటరీ వేసి తేదీ సరిచేశాం.

తరువాత ఒక్కొక్కటీ చేర్చాను. రెండో ర్యామ్ బాగుంది. యూఎస్‌బీ తీగలు బాగున్నాయి. నా మానిటర్ వీజీఏతో చక్కగా పనిచేస్తోంది. దానికే హెచ్‌డీఎంఐ పెడితే ‘నో సిగ్నల్’. జిరాక్స్ వాళ్ళ కంప్యూటర్ నుంచి పెట్టినా నా మానిటర్ హెచ్‌డీఎంఐ పలకలేదు. నా సీపీయూ హెచ్‌డీఎంఐని ఇంట్లో టీవీకి పెడితే మాత్రం బొమ్మ వచ్చింది! లాన్ ద్వారం పోయింది, తీగ పెడితే దీపాలు వెలగవు, విండోస్‌లో దాని పేరే కనబడటం లేదు. డిస్కును అన్నిటికంటే చివర పెట్టాను. పేజ్‌మేకర్ తెరిచి పండితులవారి పుస్తకం పేజీ పేజీ చూసుకున్నాను. ఒక్క దిద్దుబాటు కూడా పోలేదు. ఆయనకు ఫోను చేసి చెబితే ‘నాకు అసలు సంగతే తెలియదు కదమ్మా’ అన్నారు. ముందే చెప్పి ఆయన్ను దిగులు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

సర్వీసు దుకాణం అబ్బాయికి కూడా వెళ్ళి ఇదంతా వివరంగా చెప్పాను. ఆ గాలివాన తరువాత ‘మదర్‌బోర్డు పోయింది’ అని పక్కన పెట్టిన సీపీయూలు ఇంకో రెండున్నాయట. వాటిని ఇదే పద్ధతిలో మళ్ళీ చూస్తానన్నాడు.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఇంటర్నెట్ లేకుండా ఫైళ్ళు ప్రెస్సుకు పంపలేకపోతున్నాను, లాన్ కోసం బోర్డు బాగుచేయించాలా? మళ్ళీ ఉరిమినప్పుడు ఏమేమి పీకాలి?


టంకంపని:

బోర్డును ముట్టుకోవద్దమ్మా. కాలిన లాన్ చిప్పును మార్చవచ్చు కానీ, మీ అవసరానికి అది దండగ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ లాన్ కార్డు చిన్నది తెచ్చి ఖాళీ గాడిలో పెట్టుకుంటే సరి. అంతకంటే మేలైన మార్గం యూఎస్‌బీ వైఫై అడాప్టర్. సీపీయూకు బయటి నుంచి రాగి తీగే రాకుండా పోతుంది. రౌటర్ దాకా ఆ తీగ రానివ్వండి, కాలితే రౌటర్ ఒక్కటే కాలుతుంది. వీలైతే ఆపరేటర్‌ను దుకాణం లోపలిదాకా ఫైబర్ వేయమని అడగండి. గాజు తీగలో పిడుగు కరెంటు పారదు. అయితే కొన్ని ఫైబర్ కేబుళ్ళలో బలానికి స్టీలు తీగ కూడా ఉంటుంది, దాన్ని గోడ బయటే ఆపేయమనండి.

బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్ళి పాత లాన్‌ను ‘డిసేబుల్’ చేసేయండి. సగం చచ్చిన చిప్పు ఒక్కోసారి బూట్ కావడాన్ని నెమ్మది చేస్తుంది.

ఉరిమినప్పుడు పీకవలసినవి సీపీయూ ప్లగ్గు, మానిటర్ ప్లగ్గు, లాన్ తీగ, ప్రింటర్ ప్లగ్గు. స్విచ్చి ఆపితే చాలదు. అది ఫేజును ఒక్కదాన్నే తెంచుతుంది, న్యూట్రలూ ఎర్తూ తగిలే ఉంటాయి. ఈ నాలుగు ప్లగ్గులూ బల్ల వెనక చేతికి అందని చోట ఉంటే హడావుడిలో ఎవరూ పీకరు. బల్ల పక్కకు తెచ్చి పెట్టించుకోండి. పిడుగు మీ నెత్తి మీదికి వచ్చేశాక మాత్రం తీగలు ముట్టుకోవద్దు, కాలితే కాలనివ్వండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లుంటే సుమారు కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపు వినబడుతోందంటే పది కిలోమీటర్ల లోపే ఉంది, ఇక తీగల దగ్గరికి పోకూడదు. ముందే తెలియాలంటే ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు తయారు చేసింది, చుట్టుపక్కల పిడుగులు పడే సూచన ఉంటే చెబుతుంది.

కొత్త యూపీఎస్ కొన్నాక మానిటర్‌ను కూడా దాని మీదే పెట్టండి. రెండూ ఒకే ఎర్త్ మీద ఉంటే ఈసారి హెచ్‌డీఎంఐ కేబుల్‌కు ఆ గతి పట్టే అవకాశం తగ్గుతుంది. 600 వీఏ యూపీఎస్ ఈ రెండిటినీ మోస్తుంది, ప్రింటర్ మాత్రం దానికి తగిలించవద్దు. లేజర్ ప్రింటర్ అయితే మరీ వద్దు.

పాత ఎస్ఎంపీఎస్‌ను పారేయకండి. ఎవరైనా రాజమండ్రి వచ్చేటప్పుడు పంపించండి, పసుపు తీగ వైపు కెపాసిటర్లు మార్చి చూస్తాను. పనికి వస్తే ఇక్కడ పరీక్షల బల్ల మీద వాడుకుంటాను.


ఓరుగల్లు వైర్‌మ్యాన్:

అక్కా, మెయిన్ దగ్గర హై వోల్టేజి వస్తే తనంతట తానే కట్టేసే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. న్యూట్రల్ మళ్ళీ తెగినా 270 దాటగానే లైను ఆపేస్తుంది, బాగయ్యాక కొద్దిసేపాగి తానే ఇస్తుంది. స్పైక్ గార్డు పేరుతో దుకాణాల్లో అమ్మే పొడుగు బోర్డుల్లో కొన్నిటిలో రక్షణ భాగమే ఉండదు, ఉన్నా న్యూట్రల్ తెగినప్పుడు నిమిషాల తరబడి వచ్చే హై వోల్టేజిని అది తట్టుకోలేదు. మీ ఎలక్ట్రీషియన్‌కు నా మాటగా చెప్పండి, బిగించడం అరగంట పని.